చుక్క పెట్టని కొలత

మా కుట్టు దుకాణంలో కొలతల పుస్తకం నిండా అబద్ధాలే. రాసింది నేనే.

టేపు నడుముకి చుట్టగానే ప్రతి ఆడమనిషీ ఊపిరి బిగబట్టేస్తుంది. "రెండంగుళాలు తగ్గించి రాయండి, వచ్చే నెలకి తగ్గిపోతాను" అంటుంది. వచ్చే నెలకి ఎవరూ తగ్గరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకని ఆవిడ చెప్పిన అంకే వేసి పక్కన చిన్న చుక్క పెడతాను. ఒక చుక్కంటే రెండంగుళాలు కలపమని, రెండు చుక్కలంటే నాలుగని. బట్ట కత్తిరించేది మా ఆయన. చుక్కల సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇరవై ఏళ్లుగా మా బండి ఇలాగే నడుస్తోంది.

ఆయన అక్క, అంటే మా వదిన, సిటీ బస్సు నడుపుతుంది. పదహారేళ్లలో బస్సుకి చిన్న గీత కూడా పడనివ్వలేదు. పోయినేడు ఉత్తమ డ్రైవరు బహుమతికి పిలిస్తే జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చుంది. జ్వరమూ లేదు, పాడూ లేదు. తొమ్మిది షాపులు తిరిగినా ఒంటికి పట్టే గౌను దొరకలేదు. చివరి షాపులో అయితే "మీ సైజు రాదండీ" అని అందరి ముందూ అరిచారట. ఈ ఏడు మళ్లీ పిలిచారు. ఈసారైనా వెళ్లాలని ఆవిడకి ఎంత ఆశో నాకు తెలుసు.

నల్లబట్ట పట్టుకొచ్చింది. "నలుపైతే సన్నగా కనిపిస్తానే," అంది.

"బస్సుకి నల్లరంగు వేస్తే ఆటో అవుతుందా వదినా?" అన్నాను.

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆపుకుని, ఊపిరి బిగబట్టి, "నలభై రెండు రాయి," అంది. రాశాను. నవ్వుల్లో పడి చుక్కలు పెట్టడం మరిచిపోయాను.

సాయంత్రం సభ అనగా పొద్దున్న గౌను వేసి చూస్తే జిప్పు సగంలోనే ఆగిపోయింది.

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్న అక్కే కదా, కళ్లెక్కడ పెట్టుకుని కత్తిరించారు?" అని మా ఆయన మీద పడ్డాను.

"చుక్క లేదు మరి. అక్క తగ్గిందేమో అనుకున్నా," అన్నాడు.

వదిన నవ్వలేదు. కుర్చీలో కూలబడి, "జ్వరమని చెప్పేస్తాలేవే," అంది. నా ప్రాణం చివుక్కుమంది. మతిమరుపు నాది, జ్వరం ఆవిడకా?

లోపల మడిచిన బట్టంతా విప్పినా చాల్లేదు. నల్లబట్ట ముక్క కూడా మిగల్లేదు. బీరువాలో నా ఎర్రబట్ట ఉంది. కాస్త తగ్గాక కుట్టుకుందామని నాలుగేళ్లుగా దాచుకున్నది. దాన్ని తీసి, మనసు మారేలోగా కత్తెర వేశాను. చంకల నుంచి అంచు దాకా రెండు పక్కలా ఎర్ర పట్టీలు కలిపాను.

అద్దంలో చూసుకుని వదిన గుడ్లు తేలేసింది. "దాచాల్సిన చోటే దీపం పెట్టావేమే!"

"దాస్తే దాగేదా అది?"

అటు తిరిగింది, ఇటు తిరిగింది. కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో స్టీరింగు తిప్పినట్టు చేసి చూసింది. జిప్పు చెక్కుచెదరలేదు. "ఊపిరాడుతోందే," అంది వింతగా. "పద, వేళవుతోంది."

మలుపులో బస్సు తిప్పినంత తాపీగా వేదిక ఎక్కింది. ఎర్ర పట్టీలు చివరి వరస దాకా కనిపించాయి. నేను చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

మర్నాడు దుకాణం తెరిచేసరికి నలుగురు లేడీ కండక్టర్లు గుమ్మంలో ఉన్నారు. అందరికీ ఆ పక్క పట్టీలే కావాలట. వాళ్ల వెనకే వదిన. ఇక దాచి లాభం లేదని చుక్కల గుట్టు విప్పేశాను. ఆవిడ పుస్తకం లాక్కుని పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ముప్పై ఆరు పక్కన ఈ చీమలబారేమిటే? ఎవరిదిది?"

గబుక్కున ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాను.

నా మెడలో ఉన్న టేపు లాగి నా నడుముకి చుట్టింది. అలవాటుగా ఊపిరి బిగబట్టాను.

"వదులు," అంది.

వదిలాను. కండక్టర్లందరూ వినేలా అంకె పైకి చదివింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. పెన్ను తీసి పుస్తకంలో తనే రాసింది, చుక్క పెట్టకుండా.

"ఒరేయ్, ఎర్రబట్ట ఇంకెంతుందిరా?" అని తమ్ముణ్ణి కేకేసింది.

"గౌనుకి రాదక్కా. పట్టీలకైతే సరిపోతుంది."

"అయితే గౌనుకి పచ్చబట్ట తెండి," అన్నాను మా ఆయనతో. "రేపే కుట్టుకుంటాను."