ఆపరేషనుకు ముందు మెట్లు

మెట్లు ఎక్కుతున్నాం. మా అపార్ట్‌మెంటు మెట్లే, కాని గోడలకు ఆసుపత్రి ఆకుపచ్చ రంగు ఉంది, కిటికీలోంచి చూస్తే కింద భీమిలి బీచి రోడ్డు కనిపిస్తోంది, అలలు చప్పుడు లేకుండా వచ్చి పోతున్నాయి. నాకంటే నాలుగు మెట్లు పైన మా ఆవిడ వరహాలు, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని చకచకా వెళ్తోంది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి నాకు గుర్తుంది, ఆవిడకీ తెలుసు, ఆ మాట ఎత్తడం మర్యాద కాదన్నట్టు ఇద్దరం ఊరుకున్నాం.

మూడో అంతస్తు దాటితే మళ్లీ మూడో అంతస్తే వస్తోంది. నాకు ఒళ్లు మండుతోంది. పెద్దపేగులో గడ్డ ఉన్నవాణ్ణని, ఇంకో పందొమ్మిది రోజుల్లో కోత పెట్టించుకోబోతున్నానని, అలాంటివాణ్ణి ఎవరైనా పడుకోమంటారే గాని మెట్లెక్కిస్తారా అని గొణుగుతూనే ఎక్కుతున్నాను.

"ఆ ఫిజియోథెరపీ అమ్మాయి ఏం చెప్పిందో చెప్పండి," అంటుంది వెనక్కి తిరక్కుండానే.

చెబుతాను. రోజూ అరగంట నడవాలంది, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవాలంది, మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బాలోంచి ఊపిరి పీల్చి బంతులు పైకి లేపాలంది, గుడ్లూ పప్పూ బాగా తినాలంది. ఒంట్లో సత్తువ ముందే కూడబెట్టుకుంటే కోత తరవాత త్వరగా లేచి తిరగొచ్చట. రెండంతస్తులు ఆగకుండా ఎక్కలేకపోతే ఆపరేషను వాయిదా వేయాల్సి రావచ్చని సర్జను గారు కూడా అన్నారు.

"మరి చేస్తున్నారా?"

"చేస్తున్నాను. ఆ అమ్మాయిచ్చిన కాగితంలో అన్నిటికీ టిక్కులున్నాయి."

వరహాలు ఆగి, తిరిగి చూస్తుంది. వంటింట్లో నేను పాలు పొంగిపోనిచ్చిన రోజు చూసిన చూపు. "ఆదివారం కూర్చుని వారం మొత్తానికీ టిక్కులు పెట్టీశారు. అనుమానం రాకుండా రెండు పెన్నులు మార్చారు. నిజంలా ఉంటుందని మంగళవారం ఒకటి వదిలేశారు కూడాను. ఇంత బుర్రున్న మనిషి పది నిమిషాలు నడవలేరేటండీ?"

పోయినవాళ్లకు మన కాగితాలతో ఏం పని అని చిరాకేస్తుంది. ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, కాగితం పక్కాగా ఉంచడం నాకు వచ్చిన విద్య అంటాను. ఆవిడ నవ్వదు. కాని నేను ఆయాసపడుతున్నానని గమనించి, కుచ్చిళ్లు సర్దుకునే నెపంతో అక్కడే నిలబడుతుంది. బతికున్నప్పుడూ అంతే, నా కోసం ఆగినప్పుడల్లా ఆవిడకు చెప్పులో రాయి దొరికేది.

ఆ నిలబడ్డ చోటే ఇప్పుడు వార్డు అయింది. మెట్టు ఉన్న చోట ఇనుప మంచం, దాని మీద ఆవిడ. జీర్ణాశయంలో కేన్సరని తేలాక ఆపరేషనుకు ముందు ఆవిడ ఇంట్లో గడిపిన నలభై రోజులూ నాకు ఒక్కసారిగా గుర్తొస్తాయి. రైతుబజారుకు తానే వెళ్తానని రోజూ అడిగేది. నేను కాలు కింద పెట్టనిచ్చేవాణ్ణి కాదు. బతిమాలి పడుకోబెట్టి, కాఫీ మంచం దగ్గరికే తెచ్చి, చివరికి చెప్పులు తీసి అటక మీద పెట్టాను. చూడవచ్చినవాళ్లంతా పెళ్లాన్ని పువ్వులా చూసుకుంటున్నాడని మెచ్చుకున్నారు. ఆపరేషను రోజుకి బాత్రూముకి వెళ్లాలన్నా ఆవిడకు నా భుజం కావాల్సి వచ్చింది. తరవాత ఛాతీలో కఫం పట్టింది, మరి తేరుకోలేదు.

"ముందు నడిస్తేనే మంచిదని ఇప్పుడు చెబుతున్నారు," అంటాను. "అది నిజమైతే, నేను నీకు చేసిందేమిటి?"

అలలు ఆగిపోతాయి. వరహాలు నన్ను తేరిపార చూస్తుంది. ఓదారుస్తుందేమో అనుకుంటాను.

"ఇదా సంగతి. మీరు నడిచి బాగుపడితే, అప్పుడు నన్ను పడుకోబెట్టి తప్పు చేసినట్టు తేలిపోద్దని, మంచం పట్టుకుని కూర్చున్నారన్నమాట. నన్ను తీసుకెళ్లింది నా జబ్బండీ. ఎందుకు పోయానో డాక్టర్లే సరిగ్గా చెప్పలేకపోతే మీరెలాగ తేల్చీశారు? ఆ ఘనతా మీకే కావాలేటి?"

కోపమొచ్చిందా అని అడుగుతాను.

"కోపం కాదు నాకు. విసుగు. నలభై రోజులు ఆ అటక కేసి చూస్తూ పడుకున్నాను. ఇప్పుడు మీరూ పడుకుంటే ఆ విసుగు రెండింతలవుద్ది గాని తగ్గదు."

ఆవిడ అప్పటికే లేచింది, మంచం మళ్లీ మెట్టయింది, తడి ఇసుక వాసన వస్తోంది. నన్ను క్షమించావా అని వెనకనుంచి అడుగుతాను. అది పైకెక్కాక అడగమంటుంది. అందుకోవాలని రెండేసి మెట్లు ఎక్కుతాను, కాళ్లు బరువెక్కుతాయి, ఆవిడ చీర అంచు మలుపులో...

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయి ప్రాణం తీస్తోంది. పడుకునే నొక్కి చూశాను, తిట్టి చూశాను, వదలలేదు. అరికాలు నేలకు ఆన్చి బరువంతా దాని మీద వేస్తే తప్ప వదిలేలా లేదు. విసుక్కుంటూ లేచి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేశాను. హాల్లోకి వచ్చేసరికి నొప్పి సగం తగ్గింది. మిగతా సగం పోవాలంటే ఇంకాస్త నడవాలి.