పోల్చి చూడడమైనది

దేశనాయకుడు కన్నుమూసిన గంటలోపే ఆయన ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీశారనీ, ఆఫీసుల్లో, బడుల్లో, రైల్వే స్టేషన్లలో కనిపించే ప్రతిమలన్నీ ఆ అచ్చును బట్టే తయారయ్యాయనీ అందరూ నమ్ముతారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ప్రతిమలను పోస్తున్న మేస్త్రి అందరికంటే గట్టిగా నమ్మాడు.

ఆ ఉదయం అతడు మూసలో దవడ ఉండే చోట ఉలితో గీకుతున్నాడు. మూసపని తలకిందుల పని. ప్రతిమ మీద ఉబ్బెత్తుగా రావలసినదాన్ని మూసలో తవ్వాలి; ప్రతిమ మీద నుంచి తీసేయవలసినదాన్ని మూసలో పూడ్చాలి. నాయకుడు జనబంధువని ఒక ప్రభుత్వం అంటే అతడు చిరునవ్వు తవ్వాడు. తర్వాతిది యుద్ధానికి దిగితే దాన్ని పూడ్చాడు. ఆయన మహాపండితుడని మరొకరంటే కళ్ళజోడు పెట్టాడు; చూపు లోపం దేశానికి అవమానమని ఇంకొకరంటే తీసేశాడు. ఆ తర్వాత బుగ్గలు ఉబ్బించాడు. ఇప్పుడు ఆయన యోధుడట. ఇరవై ఏళ్ళు తగ్గించమన్నారు.

ప్రతిమల శాఖ అధికారిణి మూసలోకి వంగి చూసింది. "ముక్కు ఎడమకి వంగింది, మేస్త్రిగారూ. నిటారుగా చెయ్యండి."

"అది ఆయన ముక్కండీ. సరిచెయ్యడానికి నేనెవర్ని?"

"ఐదుసార్లు మార్చారుగా! ఇప్పుడేమొచ్చింది?"

"మొహం మార్చాను మేడమ్. ముక్కు జోలికి పోలేదు. అసలు అచ్చులోంచి వచ్చింది అదొక్కటే మిగిలింది."

ఆమె చెడ్డది కాదు. పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసిన మనిషి. "సరే, నాలుగింటికి లారీ వస్తుంది. ఆలోగా ఆ అచ్చు తెచ్చి నా బల్ల మీద పెట్టండి. అందులో ముక్కు ఇలాగే ఉంటే ముక్కు వదిలేద్దాం."

అచ్చు ఉన్నది రెండు వరండాల అవతలి గోదాములో. దాన్ని బయటికి తేవడానికి అర్జీ కావాలన్నారు. అర్జీ రాస్తే ఫారం మీద రాయమన్నారు. ఫారం నింపితే, అటెండరు స్టాంపు బీరువాలో పెట్టి భోజనానికి వెళ్ళాడన్నారు. మేస్త్రి బెంచీ మీద కూర్చుని, గోళ్ళ సందుల్లో గట్టిపడిన ప్లాస్టర్‌ను అగ్గిపుల్లతో తీసుకుంటూ, గోడ గడియారం మీద పళ్ళు నూరాడు. స్టాంపు పడేసరికి మూడు దాటింది.

గోదాము చూసేది అతడి చెల్లెలి మొగుడు. నిచ్చెన వేస్తూనే మొదలుపెట్టాడు. "మనం ముసలాళ్ళమవుతున్నాం, ఆయన కుర్రాడవుతున్నాడు. వచ్చే ప్రభుత్వానికి ఉయ్యాల తయారుచేసి పెట్టుకో బావా."

"వాగింది చాలు, ముందు పైకెక్కు."

"ఎక్కుతున్నానయ్యా! నా ముక్కు పగిలితే ఎవరూ అచ్చు తియ్యరు."

అటక మీద నుంచి గోనెగుడ్డతో కుట్టేసిన మూట దిగింది. మేస్త్రి దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని తీసుకెళ్ళి, అధికారిణి బల్ల మీద దించాడు. ఆమె కత్తెరతో కుట్లు తెంపింది. లోపల చెక్కపెట్టె, దాని చుట్టూ బిగించి కట్టిన దారం, దారం మీద లక్క ముద్రలు.

"ఆగండి," అన్నాడు మేస్త్రి.

వంగి, లక్క పక్కన సిరాతో రాసిన తేదీ చదివాడు. మళ్ళీ చదివాడు. బల్ల మీద అతడి సంతకం కోసం ఫారం సిద్ధంగా ఉంది: 'అసలు ముఖపు అచ్చుతో పోల్చి చూడడమైనది, సరిపోయినది.' పాత ఫారం మీద తన గురువు సంతకం చూసి ఐదుసార్లు అతడు ఆ మాట కింద సంతకం పెట్టాడు. గురువు ఎవరిది చూసి పెట్టాడో!

"అంటే... ఇన్నేళ్ళూ ఎవరూ విప్పి పోల్చి చూడలేదా?" అధికారిణి కూడా వంగి తేదీ చూసింది. "మరి ఈ ముక్కు ఎవరిది?"

"తెలీదు మేడమ్." ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో అతడు ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

"విప్పి చూద్దామా?"

"మీరు చూడండి. నేను చూస్తే మళ్ళీ సంతకం పెట్టబుద్ధేస్తుంది."

అతడు ఏప్రన్ విప్పి కుర్చీ వీపుకు తగిలించాడు. ఫారాన్ని ఆమె వైపు జరిపాడు, ఖాళీగానే. గేటు దగ్గర కాపలావాడు "ఇవాళ తొందరగానా?" అంటే తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కొత్త మేస్త్రి ముక్కు నిటారుగా చేసి, ఫారం మీద సంతకం పెట్టాడు.

పెట్టె అధికారిణి బల్ల మీదే ఉండిపోయింది. నాయకుడు పోయిన మూడో రోజున దాని మీద వేసిన నాలుగు లక్క ముద్రల్లో ఒక్కటీ పగలలేదు.