బస్సెక్కిన జలాంతర్గామి

"ఇత్నా బడా డబ్బా? నహీ చలేగా" అంత పెద్ద పెట్టె కుదరదంటూ కండక్టర్ ఇంద్రజని ఎక్కనివ్వకుండానే బస్సు పోనిచ్చాడు. ఆ రోజు ఆటోలు బంద్. పెట్టెలో ఉన్నది ఆమె భర్త హేమసుందర్ రెండేళ్లు కూర్చుని చేసిన జలాంతర్గామి నమూనా. నేవీ ఆఫీసు డ్యూటీ దిగి తిన్నగా సాకేత్‌లో నమూనాల పోటీ దగ్గరికి వస్తానన్నాడు. "నడినెత్తిన ఆ పెరిస్కోపు సూదంత సన్నం. దానికేదీ తగలకూడదు. విరిగితే ఇక పోటీ లేదు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఇంద్రజ బుర్రకి ఒక చిలిపి ఆలోచన తట్టింది. నమూనానీ దాని కింద పరిచిన గుడ్డల్నీ బయటికి తీసి, పెట్టెని చాయ్ కొట్టులో వదిలేసి, పాత చీర ముక్కని చుట్టకుదురులా చుట్టి పెరిస్కోపు చుట్టూ కోటలా నిలిపింది. పైన కొడుకు దీపు చిన్నప్పటి దుప్పటి వదులుగా కప్పి, పసిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని తరవాతి బస్సెక్కింది. నాలుగేళ్ల దీపు కొంగు పట్టుకున్నాడు.

"బాలింతరాలు పాపం, లేవండి!" అన్నట్టు ఒక పంజాబీ ఆంటీ హిందీలో అరిచి సీటిప్పించింది. "కిత్నే మహీనే కా హై?"

ఎన్ని నెలలదని అడిగితే ఏం చెప్పాలి? కంగారులో నోటికొచ్చింది అనేసింది. "దో సాల్."

"రెండేళ్లా! ఇంత చిన్నగానా?" ఆంటీ గుండెల మీద చెయ్యేసుకుంది.

"హిల్తా భీ నహీ" కదలడం కూడా లేదన్నాడు వెనక సీటాయన.

"బేబీ నహీ హై, జహాజ్ హై" బిడ్డ కాదు, ఓడ అని చెప్పేశాడు దీపు.

"ఒరేయ్, నోర్మూసుకుంటావా లేదా!" అని కసిరింది ఇంద్రజ.

బస్సుని ఆసుపత్రికి తిప్పమని నలుగురూ కేకలేశారు. జ్వరమేమో చూద్దామని ఆంటీ చెయ్యి సరిగ్గా పెరిస్కోపు మీదికి దిగుతోంది.

"హాథ్ మత్ లగానా ఆంటీ! టూట్ జాయేగా!" చెయ్యి పెట్టొద్దు, విరిగిపోతుందని అరిచేసింది ఇంద్రజ.

బిడ్డ విరగడమేమిటని బస్సంతా ఆమె వైపు తిరిగింది. ఇక దాచలేక ఇంద్రజ దుప్పటి తీసింది. దించేస్తారనే అనుకుంది. ఆంటీ వంగి చూసి, సంగతంతా విని, పొట్ట పట్టుకుని నవ్వి, దుప్పటి మళ్లీ కప్పేసింది. తరవాత స్టాపులో జనం తోసుకొస్తే రెండు చేతులూ చాపి "పీఛే హటో! బచ్చా బీమార్ హై!" వెనక్కి జరగండి, బిడ్డకి ఒంట్లో బాలేదని గద్దించింది.

సాకేత్‌లో ఆంటీ కూడా వాళ్లతో దిగిపోయింది. హాలు గుమ్మంలో హేమసుందర్ ఆత్రంగా ఎదురొచ్చి దుప్పటి మీదికి చెయ్యి చాపాడు.

"బాప్ హో?" తండ్రివా అంటూ అడ్డం నిలబడింది ఆంటీ. "పహలే హాథ్ ధోకే ఆఓ!"

ఎవరో ఏమిటో అడిగే ధైర్యం లేక అతను చేతులు కడుక్కోవడానికి కుళాయి వెతుక్కుంటూ వెళ్లాడు. ఇంద్రజ దుప్పటి అంచెత్తి తొంగిచూసింది. పెరిస్కోపు నిటారుగా ఉంది.