నేర్పకూడని మాట

చేప ముళ్ళు తీసి ఆయన నోట్లో ముద్ద పెడుతుండగా ఇనెస్ వచ్చింది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ మీద స్ఫాక్స్ నగరంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. మా ఆయన హెదీకి అన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం నోటికి అందదు. జబ్బుకు ముందు మనిషి రోజూ వాడిన మాటలైతే త్వరగా తిరిగొస్తాయా అన్నది వాళ్ళు తేల్చాలట. అలాంటివి నలభై రాసిపెట్టమంది.

"నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది ఆడపడుచు ఫౌజియా, ఆయన పక్కదుప్పటి ఒక్కసారైనా మార్చని మనిషి.

రాశాను. కాఫీ, పడవ, వల, రొట్టె. ఏదీ, ఎక్కడ, త్వరగా. 'ఉప్పెక్కువైంది' అని కూడా రాశాను, అది తిరిగొస్తే వినాల్సింది నేనే అని తెలిసీ. ముప్ఫై తొమ్మిది అయ్యాక నా పేరు రాయబోతే చెయ్యి ఆగింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో 'దలెందా' అని ఆయన పిలవగా నేను వినలేదు. 'ఏయ్' అంటే నేనే. 'వినబడలేదా' అన్నా నేనే. కూరగాయలమ్మేవాడు కూడా నన్ను పేరుపెట్టి పిలుస్తాడు.

ఈ సంగతి ఇనెస్‌కి చెప్పాను. "అయితే మీ పేరు రెండో జాబితాలోకి, ఆయన వాడని మాటల్లోకి వెళ్తుందమ్మా. అందులోవి మనం నేర్పం, వాటంతట అవే వస్తాయేమో చూస్తాం. ఇంట్లో కూడా నేర్పకండి," అంది నెమ్మదిగా.

పది వారాలు, వంటా గుడ్డలూ ఆయన స్నానమూ అయ్యాక, రోజుకి రెండు గంటలు బొమ్మల అట్టలు పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఆరు మాటలు వచ్చాయి. తన తమ్ముడి పట్టుదలే అదంతా అని ఫౌజియా ఊరంతా చెప్పుకుంది.

చివరి పరీక్షలో నా ఫోటో చూపించారు. ఆయన నుదురంతా చెమట. చాలాసేపటికి "ఇల్లు" అన్నారు. ఇనెస్ తప్పు గుర్తు పెట్టబోయింది.

"అది జబ్బు వల్ల కాదమ్మా," అన్నాను. "నలుగురిలో నా గురించి చెప్పాల్సొస్తే ఎప్పుడూ అలాగే అనేవారు. ఇల్లు ఊరెళ్ళింది. ఇంటికి జ్వరం."

ఆయన తల దించుకున్నారు.

పరిశోధన ముగిసింది, ఇక ఏ మాటైనా నేర్పుకోవచ్చంది ఇనెస్. మర్నాడు పొద్దున్నే నా ఫోటో ఆయన చేతిలో పెట్టి, పేరు ఒక్కసారి చెప్పాను. "ద..." అని ఆగిపోయారు. మిగతాది అందించమన్నట్టు నా వైపు చూశారు. ఎప్పుడూ అందించేదాన్నే, గ్లాసైనా మాటైనా. ఈసారి నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు.

పదకొండయింది. ఇంకా వంట మొదలుపెట్టలేదేమని గుమ్మంలోంచి ఫౌజియా అడిగింది.

"ఉండండి వదినా. మీ తమ్ముడు నన్ను పిలుస్తున్నాడు."