ఊరు డ్యూటీకి రాలేదు

పొద్దున్నే మా అక్క ఫోన్ చేసి "బస్సాగింది" అంది. సాగిందట కదా, శుభం అనుకున్నాను నేను. పాపం, ఆమె చెప్పింది బస్సు ఆగింది అని.

మా అక్కతో ఇదే చిక్కు. ఏ రెండు మాటలు దొరికినా సంధి చేసి పారేస్తుంది. మనుషులతో మాత్రం ఎవరితోనూ సంధికి రాదు. అందుకే "ఏమన్నావక్కా, మళ్లీ చెప్పు" అని అడిగే అలవాటు మా ఇంటా వంటా లేదు. "సరే సరే" అని ఫోన్ పెట్టేసి, వ్యాను తలుపు వేసేసి, "పోనీ బావా" అన్నాను. బావ పోనిచ్చాడు. బావ స్టీరింగు తిప్పుతాడు గానీ ఏనాడూ మాట తిప్పడు. తిప్పాలంటే ముందు ఆడాలి కదా, ఆడడు.

మాది సముద్రం పక్కన హోటళ్లన్నీ వరసగా నిలబడి ఉండే టౌను. వచ్చినవాళ్లు మొదటిరోజు సముద్రాన్ని చూసి "అబ్బ!" అంటారు. రెండోరోజు "ఊఁ" అంటారు. మూడోరోజు "ఇంకేం ఉన్నాయి?" అంటారు. ఆ మూడోరోజు మీద బతుకుతున్న కుటుంబం మాది. పొద్దున వ్యానులో ఎక్కించుకుని, ఏదో ఒకటి చూపించి, సాయంత్రానికి హోటల్లో దింపేస్తాం. అక్క ఆఫీసులో కూర్చుంటుంది, బావ బండి నడుపుతాడు, నేను మైకు పట్టుకుంటాను. మైకు చేతికొస్తే నాకు మైకం వస్తుందని అక్క అంటుంది. ఆ మైకమే నా జీతం.

మేం చూపించేది ఒక పాతకాలపు జాలరి పల్లె. కొండ అవతల చిన్న తీరం, పది గుడిసెలు, ఒడ్డున బోర్లించిన పడవ. గుడిసెల్లో ఒకప్పుడు నిజంగానే జాలర్లు ఉండేవాళ్లు. హోటళ్లు రాగానే అందరూ టౌనుకి వచ్చేసి వంటగదుల్లోనూ లిఫ్టుల్లోనూ చేరిపోయారు. ఊరు మిగిలింది, ఊరివాళ్లు మిగల్లేదు. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. అంచేత ఇప్పుడు ఊరు రోజూ పొద్దున్నే టౌన్లో బస్సెక్కి ఊరికి డ్యూటీకి వెళ్తుంది. అక్కడ గుడిసెలో కొక్కేలకి వేలాడే వెలిసిపోయిన బట్టలు తొడుక్కుని పల్లెగా మారుతుంది. సాయంత్రం ఆ బట్టలు విప్పి, జీన్సు తొడుక్కుని, మళ్లీ బస్సెక్కి ఇంటికొస్తుంది. కుక్క కూడా బస్సులోనే వస్తుంది. దానికి కిటికీ సీటు.

ఆ ఊళ్లో సగంమంది బావ తరఫు చుట్టాలే. అందరికన్నా ముఖ్యమైన ఉద్యోగం మా అక్క అత్తగారిది. అత్తయ్య ఆ ఊరికి నూరేళ్ల అవ్వ. అసలు వయసు అందులో సగానికి కాస్త పైన. లోకంలో ఆడవాళ్లంతా తలకి నల్లరంగు వేసుకుంటుంటే అత్తయ్య తెల్లపౌడరు వేసుకుంటుంది. గుమ్మంలో పీట వేసుకుని, చిరిగిన వల ఒళ్లో పెట్టుకుని బాగుచేస్తూ కూర్చుంటుంది. అంతకుముందు ఆవిడ పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. నేల కింద గది, కిటికీ లేదు. "అక్కడ కిటికీ లేదు, ఇక్కడ గోడే లేదు. చచ్చినా మళ్లీ ఆ మడతల్లోకి పోనురా అబ్బాయ్" అంటుంది నాతో.

పోవలసి వచ్చేలా ఉంది. ఎందుకంటే ఆ రోజు వ్యాను ముందు సీట్లో కూర్చున్నది సాక్షాత్తూ ఆ పెద్ద హోటలు మేనేజరమ్మ. నవ్వితే బిల్లు పడుతుందేమోనన్నట్టు ఉంటుంది ఆవిడ మొహం.

"చూడండి గైడుగారూ, మీ ఊళ్లో మా గెస్టులు ఆవలిస్తున్నారట. ఇవాళ నా కళ్లతో చూస్తాను. ఒక్క ఆవలింత కనపడిందా, రేపట్నుంచి మా వాళ్లందర్నీ మొసళ్ల మడుగుకి పంపించేస్తాను."

"మొసళ్లు కూడా ఆవలిస్తాయి మేడమ్" అన్నాను.

"అవి ఆవలిస్తే ఫొటో తీసుకుంటారు" అంది.

మొసలి గెలిస్తే మా ముసలి ఓడినట్టే. వెనకసీట్లలో ఒక రిటైరైన కేషియరుగారూ ఆయన భార్యా, ఒక పళ్ల డాక్టరూ, ఇంకో ఏడెనిమిదిమందీ ఉన్నారు. కొండ మలుపులో ఫోన్లలో సిగ్నల్ గీతలన్నీ మాయమయ్యాయి. ఆ తరవాత అక్క ఎంత అరిచినా నాకు వినపడే దారి లేదు.

దిగి చూస్తే ఊళ్లో పురుగు లేదు. పీట ఉంది, పీట మీద అవ్వ లేదు. వల ఉంది, సూది ఉంది, చెయ్యి లేదు. బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఊరేది?" అంది మేనేజరమ్మ.

"ఇదే మేడమ్."

"మనుషులేరి?"

"వేటకెళ్లారు మేడమ్. సముద్రంలోకి."

"నూరేళ్ల అవ్వ ఉంటుందన్నారు?"

"పడవ నడిపేది ఆవిడే మేడమ్."

"మరి పడవ ఇక్కడే ఉందేంటండీ?" అన్నాడు పళ్ల డాక్టరు. కొందరికి పళ్లు పీకి పీకి, కనపడినదల్లా పీకడం అలవాటైపోతుంది.

ఆ క్షణంలో కేషియరుగారి నోరు నెమ్మదిగా తెరుచుకోవడం చూశాను. ఆవలింత! మేనేజరమ్మ తల అటు తిరుగుతోంది. అయిపోయింది, అత్తయ్య దుప్పటి మడతలోకి వెళ్లిపోయింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడు ఆకాశం మా మీద బిందె బోర్లించింది. సముద్రం పక్క వానలంతే, అడిగి రావు, చెప్పి పోవు. ఆవలింత సగంలో ఉండగా కేషియరుగారి నోట్లో వాన పడింది. అందరూ గుడిసెల్లోకి పరుగెత్తారు.

వాన పావుగంటలో వెలిసింది, మనుషులు మాత్రం తడిసి ముద్దయ్యారు. పళ్ల డాక్టరు పళ్లే టకటకా కొట్టుకుంటున్నాయి. గోడకి కొక్కేలు, కొక్కేలకి పొడిబట్టలు.

"గెస్టులకి జలుబు చేస్తే హోటలుకి మాట వస్తుంది" అంది మేనేజరమ్మ. "మార్చుకోండి అందరూ. ఊరివాళ్లు వచ్చాక నేను చెప్పుకుంటాను."

మార్చుకున్నారు. మేనేజరమ్మ కూడా. ఆవిడకి దొరికింది అత్తయ్య బట్టలే.

బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు. పని లేకుండా నిలబడటం ఎంతసేపు సాధ్యం? కేషియరుగారి చూపు వల మీద పడింది. "ఉద్యోగమంతా చిరిగిన నోట్లు అతికించినవాణ్ని. చిరుగు కనపడితే నా చెయ్యి ఊరుకోదోయ్" అంటూ పీట మీద కూర్చుని సూది అందుకున్నారు. పళ్ల డాక్టరు పడవ చుట్టూ తిరిగి, అడుగున ఉన్న చిల్లులో వేలు పెట్టి, "ఇది పుచ్చిందండీ, నింపాలి" అని తారు డబ్బా వెతుక్కున్నాడు. కేషియరుగారి భార్య బిందె పట్టుకుంది. మేనేజరమ్మ చీపురందుకుంది. గుడిసె ముందు రాలిన ఆకులు చూసి ఊరుకోవడం ఆవిడ వృత్తిధర్మం కాదు. యాత్రకి వచ్చినవాళ్లు పాత్రల్లో పడ్డారు. నేనూ బావా వ్యాను నీడలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాం.

అంతలో కొండ అవతలి దారిన ఇంకో హోటలు బస్సు వచ్చి ఆగింది. ఆ బస్సు గైడుని అందరం గొడుగాయన అంటాం. ఎండయినా వానయినా ముడిచిన గొడుగు పైకెత్తి పట్టుకుంటాడు, దాని వెనకే జనం నడవాలి. వాళ్లు దిగీ దిగగానే "అబ్బ, ఎంత సహజంగా ఉంది!" అని ఫొటోలు మొదలెట్టారు.

గొడుగాయన నా చెవిలో, "కొత్త స్టాఫా? ఎక్కడ పట్టావయ్యా? ఆ ముసలాయన అచ్చం నిజంలా ఉన్నాడు!" అన్నాడు.

"నిజమే..." అన్నాను.

ఒకావిడ కేషియరుగారి ముందు చతికిలబడి, "తాతగారూ, మీరు ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

"ఇందాకే వచ్చానమ్మా" అన్నారాయన నిజాయితీగా.

గొడుగాయన గొడుగెత్తాడు. "విన్నారా? బతుకంతా ఇక్కడే గడిచినా ఇందాకే వచ్చినట్టుందట! పల్లెమనిషి అంటే అదీ!"

ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఇంకొకాయన పళ్ల డాక్టరుని, "చేపలు బాగా పడుతున్నాయా?" అని పలకరించాడు.

"నాకు చేపలేంటండీ, నేను పళ్లు పీకుతాను."

"చూశారా!" అన్నాడు గొడుగాయన. "పళ్లు పీకితే గాని చేపని బజారుకి పంపరు. ఎంత శ్రద్ధ!"

ఇక మేనేజరమ్మ. "ఏయ్, చెప్పులు! ఇప్పుడే ఊడ్చాను, కనపడట్లేదా? వరసలో రండి!" అని ఒక్క కేక వేసింది. బస్సు మొత్తం చెప్పులు చేతిలో పట్టుకుని వరసలో నిలబడింది. "ఈవిడ ఊరి పెద్ద అయి ఉంటుంది" అని ఎవరో గుసగుసలాడారు. ఆ మాట ఆవిడ విన్నది. చెబితే నమ్మరు, ఆవిడ నవ్వింది. బిల్లు పడలేదు.

ఇదంతా బాగానే ఉంది, ఇలాగే గడిచిపోతే బాగుండు అనుకుంటుండగా ఒక ఐసు లారీ వచ్చింది. వెనకతలుపు తెరుచుకుంది. మండుటెండలో గజగజ వణుకుతూ అందులోంచి ఊరు దిగింది. ముందు అక్క, తరవాత కుక్క, ఆ తరవాత జీన్సులూ రంగు టోపీలూ వేసుకున్న చుట్టాలందరూ. ఆఖర్న నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పూలగొడుగు పట్టుకుని అత్తయ్య. తలకి ఇంకా పౌడరు వెయ్యలేదు, నిగనిగలాడుతోంది.

కేషియరుగారు పీట మీంచే చెయ్యి ఊపారు. "రండి రండి! మా ఊరు చూడ్డానికొచ్చారా?"

"మీ ఊరా?" అంది అత్తయ్య. "ముందు నా పీట మీంచి లేవండి!"

బస్సువాళ్లకి ఒళ్లు మండింది. "ఏమండీ, టూరిస్టులైతే మాత్రం మర్యాద అక్కర్లేదా? పెద్దాయన పుట్టినప్పట్నుంచీ ఆ పీట మీదే ఉన్నాడు!"

"నేను డ్యూటీలో చేరినప్పుడు ఈయన లేడే!"

అంటూనే అత్తయ్య వల లాగింది. ఇటు కొన ఆవిడ చేతిలో, అటు కొన ఆయన చేతిలో. వలని వెతికి వెతికి చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"చిరుగేదీ? నా చిరుగు ఏం చేశారు?"

"కుట్టేశానమ్మా. ఒక్కటి మిగల్లేదు" అన్నారు కేషియరుగారు గర్వంగా.

"అయ్యో అయ్యో! రోజూ సాయంత్రం నా చేత్తో నేను చింపుకుని, పొద్దున్నే కుట్టుకుంటున్నానయ్యా! చిరుగు లేని వలతో నాకేం పని? నా ఉద్యోగం కుట్టేశావు కదయ్యా!"

ఈ గోలకి చీపురు పట్టుకుని మేనేజరమ్మ వచ్చింది. "ఎవరమ్మా మీరు? నా ఊళ్లోకొచ్చి అల్లరేంటి?"

ఆ గొంతు అత్తయ్య నేల కింద గదిలో చాలా ఏళ్లు విన్నది. కళ్లద్దాలు తీసింది. తన బట్టల్లో ఉన్న మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"మేనేజరమ్మగారూ... మీరా?"

"లాండ్రీ... నువ్వా?"

కుక్క ఒక్కటే అందర్నీ చూసి తోకాడించింది. ఇక దాచడానికి చోటు లేదు. బోర్లించిన పడవెక్కి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"వినండి! ఈ వల కుట్టిన పెద్దాయన బ్యాంకు కేషియరుగారు. పడవ చిల్లు నింపినది పళ్ల డాక్టరుగారు. చెప్పులు విప్పించిన పెద్దమ్మగారు పెద్ద హోటలు మేనేజరుగారు. వాళ్లు మా వ్యానులో వచ్చిన చుట్టపుచూపు మనుషులు. ఐసులారీలో దిగినవాళ్లు ఊరివాళ్లు. వాళ్లది ఉద్యోగం, వాళ్ల ఇళ్లు టౌన్లో. ఊళ్లో నిజంగా ఉండేవాళ్లు ఎవరూ లేరు!"

"నువ్వెందుకు తీసుకొచ్చావురా మరి?" అని కింద నుంచి అక్క. "బస్సాగింది అని చెప్పానా లేదా?"

"సాగిందన్నావు కాబట్టే నేనూ సాగాను!"

"సాగడమేంట్రా, ఆగింది! టైరు పేలి టౌన్లోనే ఐసు ఫ్యాక్టరీ సందులో ఆగింది!"

గొడుగాయన జనం నన్నూ అక్కనీ మార్చి మార్చి చూశారు. వాళ్లకి ఒక్క ముక్క ఎక్కలేదు. "అయితే ఇందులో అసలు పల్లెవాళ్లెవరు?" అన్నాడొకాయన జాలిగా.

నేను మేనేజరమ్మనే చూస్తున్నాను. అత్తయ్య కూడా. ఆవిడ చీపురు భుజానికి ఆనించి తన వ్యానువాళ్ల వైపు తిరిగింది. "మీలో ఎవరైనా ఆవలించారా?"

"తీరికేదండీ?" అన్నారు కేషియరుగారు. "అటువైపు అంచు కుట్టడం ఇంకా మిగిలే ఉంది. రేపు కూడా రావచ్చా?"

"రేపు పడవ రెండో పక్క చూడాలి" అన్నాడు పళ్ల డాక్టరు.

మేనేజరమ్మ చీపురు కింద పెట్టింది. "మొసళ్లు వద్దు" అంది. "రేపట్నుంచి పొద్దున బండిలో వచ్చినవాళ్లు పల్లెవాళ్లు. మధ్యాహ్నం బండిలో వచ్చినవాళ్లు చూసేవాళ్లు."

"మరి మేం?" అంది అత్తయ్య.

"మీరు లేకపోతే వీళ్లకి నేర్పేదెవరు? ఈయన వేసిన ముడి చూశావా?"

అత్తయ్య వల ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. "ముడా ఇది? తాళంకప్ప!" అంది. నల్లకళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది, తడి ఎవరికీ కనపడకుండా.

"ఇంతకీ..." అని మొదలుపెట్టాడు ఆ జాలిగా అడిగినాయన.

అప్పుడు బావ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అక్క కళ్లు పెద్దవి చేసింది. పెళ్లినాడు కూడా ఆయన గొంతు ఇంత దూరం వినపడలేదు.

"చూడ్డానికొచ్చినవాళ్లు తడిసి, ఊరివాళ్ల బట్టలు తొడుక్కున్నారు. ఊరివాళ్లు మామూలు బట్టల్లో ఆలస్యంగా వచ్చారు. బస్సు," అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "ఆగింది" అన్నాడు.

రెండు బండ్ల జనమూ, లారీ జనమూ ఒక్కసారిగా "ఓ!" అన్నారు. అత్తయ్య కేషియరుగారిని పీట మీద కాస్త పక్కకి జరగమని కూర్చుని, సంచిలోంచి కత్తెర తీసి, వల మధ్యలో జానెడు మేర కత్తిరించింది.

"ఊఁ, పట్టుకోండి సూది" అంది.