నేలకున్న కష్టం

మధ్యాహ్నం మూడయ్యేసరికి వెర్నా రెండు కప్పుల కాఫీ కలుపుతుంది. ఒకటి తనకి, తీపి లేకుండా. రెండోది ఓరిన్‌కి, రెండు చెంచాల మేపుల్ పాకం పోసి. రెండూ పళ్ళెంలో పెట్టుకుని వెనక మెట్లు దిగి, మంచులో నడిచి నడిచి పడిన కాలిబాట వెంట షెడ్డు దాకా వెళ్ళి, మోచేత్తో తలుపు తోస్తుంది. ఓరిన్ పోయి అయిదు నెలలైంది. అయినా రెండో కప్పు మానలేదు. షెడ్డు ఊపిరి తీసుకుంటోంది మరి. మొగుడు ఊపిరి తీసుకుంటున్న చోటికి ఒక్క కప్పు పట్టుకుని ఎలా వెళ్తుంది?

ఓరిన్ పాత చెక్క పడవలు బాగుచేసేవాడు. వెర్మాంట్‌లో మా ఊరి చుట్టుపక్కల చెరువుల్లో తిరిగే పడవల్లో సగం ఆయన చేతులమీదుగా వెళ్ళినవే. అక్టోబరులో ఒకరోజు అంచుపలక చిత్రిక పడుతూ పడుతూ అలాగే దానిమీదకి ఒరిగిపోయాడు. మనిషిని తీసుకెళ్ళారు. ఊపిరి మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. గోడపలకలు మెల్లగా ఉబ్బుతాయి, మెల్లగా తగ్గుతాయి. తగ్గేటప్పుడు సన్నగా ఈల వినిపిస్తుంది. వయసులో ఉండగా గడ్డకట్టిన చెరువు మీద హాకీ ఆడుతూ ముక్కు విరగ్గొట్టుకున్నాడు ఓరిన్. అప్పట్నించీ ముక్కులో ఆ ఈల. నలభై నాలుగేళ్ళు పక్కన పడుకుని విన్నది, వెర్నా ఎక్కడున్నా పోల్చుకోగలదు.

ఊళ్ళో దీని గురించి ఎవరూ వింతగా మాట్లాడుకోలేదు. పోస్టు పంచేవాడొకడు మాత్రం, "జనవరి చలికి కాస్త ఆయాసపడుతున్నట్టుంది వెర్నా, ఆ కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొట్టరాదూ?" అన్నాడు. ఆవిడ అదేరోజు కొట్టించింది.

ఫిబ్రవరిలో టౌన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డు సరిహద్దుకి పదిహేను అడుగులు ఇవతల ఉండాలి, నాలుగు అడుగుల దూరంలోనే ఉంది, అరవై రోజుల్లో తీసెయ్యాలి, లేదా మినహాయింపు కోసం, ఎక్కడేం కట్టొచ్చో తేల్చే జోనింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇదీ సంగతి.

పాపం, ఓరిన్ కొలవకుండా కట్టలేదు. రెండు స్థలాల మధ్యా ఉన్న పాత రాళ్ళ గోడ నుంచి సరిగ్గా పదిహేను అడుగులు, ఒకటికి మూడుసార్లు కొలిచి మరీ కట్టాడు. అప్పటి ఆఫీసరు కూడా గోడే చూసి సంతకం పెట్టాడు. మావాళ్ళ బుద్ధే అంత. అడవిలోనైనా సరే, రాళ్ళ గోడ కనిపిస్తే అదే హద్దు అనేసుకుంటాం. తీరా దస్తావేజులో ఉన్నది వాగు మలుపు నుంచి ఒక అక్రోటు చెట్టు దాకా. ఆ చెట్టు ఎప్పుడో గాలివానకి కూలిపోయింది. ఆ గోడేమో ఎవడో పూర్వకాలపు రైతు గొర్రెల కోసం పేర్చుకున్నది. అసలు హద్దు గోడకి పదకొండు అడుగులు ఇవతల, వెర్నా పెరట్లోనే ఉంది. కొలత తప్పలేదు, కొలవడం మొదలుపెట్టిన చోటు తప్పింది.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే పక్కింటి లీలాండ్ వచ్చాడు. ముక్కుకి గొట్టం, చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండరు. నలభై ఏళ్ళు గ్రానైటు కోసే చోట పనిచేశాడు, ఆ పొడంతా ఊపిరితిత్తుల్లోనే పెట్టుకున్నాడు. ఊరంతటికీ పెద్ద వాగుడుకాయ. ఊపిరి సరిపోక మాట మధ్యలో ఆగుతాడే తప్ప, మాటల్లేక ఎన్నడూ ఆగలేదు.

"లోపలికి రమ్మంటావా, కుక్కని ఉసిగొల్పుతావా?" అన్నాడు గుమ్మంలోంచి.

"నాకు కుక్కెక్కడిది?"

"అందుకేగా... ధైర్యంగా వచ్చింది."

వచ్చి కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు ఆయనకి. "నేను చెయ్యాలని చేసింది కాదు వెర్నా. ఇల్లు అమ్మేస్తున్నాను. ఇంకో చలికాలం ఇక్కడుంటే... దాటవని చెప్పేశాడు డాక్టరు. ఆరిజోనాలో మా చెల్లెలు రమ్మంటోంది. అక్కడ పొడిగాలి. కొనేవాళ్ళ బ్యాంకువాడు సర్వే చేయించమన్నాడు, చేయిస్తే... ఇది బయటపడింది. హద్దు గొడవ తేలందే అప్పివ్వడట."

"ఆ పదకొండు అడుగులూ నాకు రాసిచ్చెయ్యకపోయావా?"

"అడగలేదనుకున్నావా? ఇస్తే నా స్థలం... చట్టం చెప్పిన కొలతకి తక్కువైపోతుందట. చట్టానికి అన్నివైపులా కొమ్ములే!"

వెర్నా ఆయనకేసి చూసింది. తిట్టాలనుకుంది గానీ, ఆ గొట్టం చూస్తే నోరు రాలేదు. ముప్పై ఏళ్ళు ప్రతి శనివారం ఆ షెడ్డులోనే కూర్చుని పేకాడారు ఇద్దరు మగాళ్ళూ. ఓరిన్ పోయాక లీలాండ్ ఒక్కసారీ ఆ వైపు రాలేదు. గోడ అవతల నిలబడి ఈల వింటుండడం మాత్రం వంటింటి కిటికీలోంచి ఆవిడ చూసింది.

ముందు జరిపి చూద్దామన్నారు. జోనింగ్ ఆఫీసరు డ్వైట్ తనే దగ్గరుండి ఒక మూల జాకీ పెట్టించాడు. రెండు అంగుళాలు లేచిందో లేదో, షెడ్డు ఊపిరి బిగబట్టింది. డ్వైట్ వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక నిమిషం. నిమిషంన్నర. రెండు నిమిషాలైనా ఊపిరి వదల్లేదు. "దింపండి, దింపండి!" అని వెర్నా కేక పెట్టింది. దింపాక ఎంతసేపటికో ఈల వినిపించింది. అప్పటిదాకా తనూ ఊపిరి తీసుకోలేదని ఆవిడకి అప్పుడు తెలిసింది. డ్వైట్ ఫైల్లో 'జరపడం కుదరదు' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మార్చిలో రెండో మంగళవారం టౌన్ ఆఫీసులో విచారణ. బోర్డులో అయిదుగురు. అధ్యక్షురాలు ఒడెట్, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది. వెర్నా అదే స్కూల్లో వంట చేసేది. ఇరవై ఏళ్ళు ఒకే బల్లమీద తిన్నవాళ్ళు, ఆరోజు బల్లకి చెరోవైపు కూర్చుని ఒకరినొకరు 'మీరు' అనుకున్నారు.

"వెర్నాగారూ, మినహాయింపు కావాలంటే ఏదో ఒక కష్టం ఉందని మీరు చూపించాలి. ఆ కష్టం నేలది కావాలి. వాలుగా ఉండటమో, చిత్తడిగా ఉండటమో. మీ సొంత కష్టం లెక్కలోకి రాదు. మీ నేలకేం కష్టం ఉందో చెప్పండి."

ఏదో ఒకటి చెప్పమన్నట్టు కళ్ళతో సైగ కూడా చేసింది ఒడెట్. వెర్నాకి అర్థం కాక కాదు, ముక్కుసూటి మనిషి.

"నేలకేం రోగం? బంగారంలా ఉంది. కష్టం నాది. ఆ షెడ్డు పోతే ఆయన ఊపిరి పోతుంది. నేను పొద్దున్నే మంచం దిగేది ఆ మూడు గంటల వేళ కాఫీ కోసమే. అది లేకపోతే ఎందుకు దిగాలో నాకు తెలీదు."

ఒడెట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అది రాయడానికి ఈ కాగితంలో చోటు లేదమ్మా," అంది.

చివర కూర్చున్న హాలిస్ పాడిరైతు, కోపం లేకుండానే కటువుగా మాట్లాడతాడు. "మనుషులు పోతారు, నేల ఉంటుంది వెర్నా. చట్టం అందుకే నేలనడుగుతుంది, మనిషినడగదు. నా పెళ్ళాం పోయినప్పుడు నన్ను మాత్రం ఎవడడిగాడు?"

సరిహద్దు పక్కవాళ్ళు ఏమైనా చెప్పుకుంటారా అంటే లీలాండ్ సిలిండరు పట్టుకుని లేచాడు. "పక్కవాణ్ణి నేనే. నాకేం అభ్యంతరం లేదు. ముప్పై ఏళ్ళు నా చేతిలో... పేకాటలో ఓడాడు ఓరిన్. పాపం, ఇదొక్కటైనా గెలవనివ్వండి."

అందరూ నవ్వారు. నవ్వినంత మాత్రాన ఓటు వెయ్యలేరు కదా. స్థలం చూశాకే ఏదైనా అని, శనివారానికి వాయిదా వేశారు.

శనివారం నాటికి మంచు కరిగి ఊరంతా బురద. రబ్బరు బూట్లు వేసుకుని అయిదుగురూ వెనకపెరట్లోకి వచ్చారు. డ్వైట్ హద్దు మేకు దగ్గర టేపు పెట్టి షెడ్డు గోడదాకా లాగాడు.

"పీల్చినప్పుడు మూడడుగుల ఎనిమిదంగుళాలు. వదిలినప్పుడు నాలుగడుగులు."

"రెండూ రాసుకో," అంది ఒడెట్.

హాలిస్ తనతో ఒక గునపం తెచ్చుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పెరడంతా తిరుగుతూ, పదడుగులకోసారి బురదలో పొడుస్తున్నాడు. ఖంగుమంది. ఇంకో చోట పొడిచాడు. మళ్ళీ ఖంగుమంది. బూటుతో నాచు గీరి చూస్తే కింద బండ. అటుపక్క బండ, ఇటుపక్క సెప్టిక్ ట్యాంకు గొట్టాలు. షెడ్డు నిలబడిన ఆ కాస్త చోటు తప్ప పునాది దిగే మట్టే లేదు ఆ పెరట్లో.

హాలిస్ గునపం మీద చేతులానించి నిలబడ్డాడు. "రాసుకో ఒడెట్. నేలకి కష్టం ఉంది."

ఒడెట్ వెర్నా భుజం పట్టుకుని కుదిపేసింది. 'మీరు' ఎగిరిపోయింది. "విన్నావా? బంగారంలా ఉందన్నావే నీ నేల! మంగళవారం అయిదుకి అయిదు ఓట్లు. ఇంక నీ షెడ్డు జోలికి ఎవడూ రాడు."

వెర్నాకి ప్రాణం లేచొచ్చింది. అయిదు నెలల్లో మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. కాఫీ కలపాలి, ఇవాళ ఆయనకి మూడు చెంచాలు వెయ్యాలి అనుకుంది.

గోడ అవతల నిలబడి వింటున్న లీలాండ్ కూడా అంతే సంబరపడ్డాడు. "చెప్పానా... గెలుస్తాడని!" అంటూ చెయ్యి కలపడానికి గోడ దాటబోయాడు. తడిరాయి మీద కాలు జారింది. మనిషి ఇటు పడ్డాడు, సిలిండరు రాయికి కొట్టుకుని మూతి దగ్గర విరిగింది. బుస్సుమని గాలంతా పోయింది. ఇంట్లో ఉన్న రెండోది నిన్ననే అయిపోయింది, కొత్తవి తెచ్చే లారీ బురదలో దిగబడి సోమవారం గానీ రాదు. డ్వైట్ ఫోన్ చేస్తే అంబులెన్సు నలభై నిమిషాలు పడుతుందన్నారు.

తడినేల మీద పడుకోబెట్టలేక షెడ్డులోకి మోసుకెళ్ళి ఓరిన్ బల్లమీద కూర్చోబెట్టారు. పెదాలు నల్లబడుతున్నాయి. ఛాతీ ఎగసిపడుతోంది గానీ లోపలికేం పోవడంలేదు. వాగుడుకాయ లీలాండ్ ఒక్క మాటైనా అనలేక వెర్నా చెయ్యి పట్టుకుని ఉండిపోయాడు. చుట్టూ షెడ్డు మాత్రం నింపాదిగా ఊపిరి తీస్తోంది, వదుల్తోంది.

అందరికీ అర్థమైంది. ఒడెట్ తల తిప్పుకుంది. హాలిస్ టోపీ తీశాడు.

వెర్నాకి ఆ ఊపిరి ఇవ్వాలని లేదు. ఆ మాట దాచడమెందుకు. గెలిచి పావుగంట కూడా కాలేదు. ఈయన సర్వే చేయించకపోతే ఈ గొడవే లేదు కదా అని కూడా అనుకుంది. ఓరిన్ ఒకసారి చెప్పకుండా పోయాడు, ఇప్పుడు తన నోటితో తనే పంపాలా అనుకుంది. చేతిలో లీలాండ్ వేళ్ళు చల్లబడుతున్నాయి. ఈ వేళ్ళే ముప్పై ఏళ్ళు ఈ బల్లమీద ముక్కలు పంచాయి.

ఆవిడ రెండో అరచెయ్యి గోడపలక మీద ఆనించింది.

"ఓరిన్," అంది, పొద్దున్నే నిద్ర లేపినట్టు. "లీలాండ్‌కి ఊపిరాడటం లేదయ్యా."

షెడ్డు ఒక్కసారి పీల్చింది. మేకులు కిర్రుమన్నాయి, పలకలు ఎన్నడూ ఉబ్బనంత ఉబ్బాయి. తర్వాత వదలడం మొదలుపెట్టింది. సన్నటి ఈల అలా సాగుతూనే ఉంది. నేలమీది చిత్రిక పొట్టు కదిలి లీలాండ్ బూట్ల దాకా జరిగింది. వెర్నా కళ్ళు మూసుకుని, ఒక్క రవ్వ వదలకుండా చివరిదాకా వింది. ఈల ఆగింది. మళ్ళీ మొదలుకాలేదు.

లీలాండ్ గట్టిగా ఊపిరి పీల్చాడు. మొహంలోకి రంగొచ్చింది.

బయట డ్వైట్ గోడకి టేపు ఆనించి, మళ్ళీ ఉబ్బుతుందేమోనని చూశాడు. "నాలుగు అడుగులు," అన్నాడు చివరికి. పీల్చినప్పటి అంకె మీద గీత కొట్టేశాడు.

మంగళవారం బోర్డు అయిదుకి అయిదు ఓట్లతో మినహాయింపు ఇచ్చింది. ఈ షెడ్డు సరిహద్దుకి నాలుగు అడుగుల దూరంలో శాశ్వతంగా ఉండవచ్చునని కాగితం. ఒడెట్ స్వయంగా తెచ్చి ఇచ్చి, పుట్టగొడుగుల సూపు ఒక గిన్నెడు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. కాగితం వెర్నా సొరుగులో పడేసింది. షెడ్డు తలుపుకి గడియ పెట్టింది. మూడయితే కాఫీ కలపబోయి, ఎవరికని ఆగిపోయేది. కొన్ని రోజులు పదైనా మంచం దిగలేదు.

లీలాండ్‌కి సిలిండరు అక్కర్లేకపోయింది. డాక్టరు ఎక్స్‌రే రెండుసార్లు తీయించి చూసి, ఏమీ అడక్కుండా ఇంటికి పంపేశాడు. ఆయన ఇల్లు అమ్మడం మానుకున్నాడు, ఆరిజోనా చెల్లెలికి రావడంలేదని రాసేశాడు. దుకాణంలో, పోస్టాఫీసులో మళ్ళీ అందరి బుర్రలూ తినేస్తున్నాడు. వెర్నా కనిపిస్తే మాత్రం తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు.

మే నెలలో ఒకరోజు ఆవిడ కిటికీ తెరిచి అంట్లు తోముతోంది. గోడ అవతల లీలాండ్ టమాటా నారుకి పాదులు తీస్తున్నాడు. పక్కన మాట్లాడటానికి ఎవరూ లేరు గనక నోరు మూసుకుని ఉన్నాడు. అప్పుడు వినిపించింది. సన్నటి ఈల, ఊపిరి వదిలినప్పుడల్లా. లీలాండ్ ముక్కు ఏనాడూ విరిగింది కాదు, గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

వెర్నా చేతిలో గిన్నె తొట్లో జారిపడింది. తొట్టి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత గడియారం చూసింది.

మూడింటికి రెండు కప్పులతో గోడ పక్కగా చుట్టి వెళ్ళి లీలాండ్ వరండాలో కూర్చుంది. ఒక కప్పు ఆయన ముందుకి జరిపింది. లీలాండ్ కాఫీలో తీపి వేసుకోడు. ఒక్క గుక్క తాగి, రెండు చెంచాల మేపుల్ పాకం నాలుకకి తగిలేసరికి మొహం అదోలా పెట్టాడు, అయినా మింగేశాడు.

"వెర్నా, నేను... ఆరోజు నుంచీ నీకు చెప్దామని... నాకెలా చెప్పాలో..."

"లీలాండ్."

"ఆఁ?"

"కాసేపు మాట్లాడకు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ అప్పటికే కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. లీలాండ్ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టి నోరు మూసుకున్నాడు. మూడున్నర దాకా ముక్కుతోనే ఊపిరి తీసుకున్నాడు.