భుజం మీది చెయ్యి

హైకోర్టు అప్పలకొండను నిర్దోషి అని విడిచిపెట్టేనాటికి అతని ఎడమ భుజం మీద పైడమ్మ చెయ్యి ఇంకా ఉంది. మణికట్టు దాకా ఉన్న కుడి చెయ్యి. గుర్తింపు పరేడ్‌లో, వరసలో నిలబడ్డ మగవాళ్ళలోంచి తన కొడుకును చంపినవాణ్ణి తాకి చూపించమంటే, ఆమె వచ్చి వేసిన చెయ్యి అది. ఆమె వెళ్ళిపోయింది. చెయ్యి ఉండిపోయింది.

జైలులో దాని గోళ్ళు పెరిగేవి. అతనే కత్తిరించేవాడు. చొక్కాలకు ఆ చోట గుడ్డ కత్తిరించి అంచు కుట్టి ఇచ్చేవారు. విడుదల రోజున జైలు గుమాస్తా దాన్ని కాసేపు చూస్తాడు.

"వచ్చినప్పుడు నీ ఒంటి మీద ఉన్నదే. నీతోనే పోవాలి."

"అది నాది కాదండి."

"నీది కానిది ఇన్నేళ్ళు ఎలా మోశావయ్యా?"

అతను చొక్కా అంచు సర్దుకుని గేటు దాటుతాడు.

ఇంట్లో కూతురు హైమ కంచంలో అన్నం పెట్టి, వెళ్ళి గోడకు చేరగిలబడుతుంది. అతన్ని పట్టుకుపోయినప్పుడు ఆమె పాలు తాగే పిల్ల. మధ్యలో తల్లి పోయింది. తండ్రీ కూతుళ్ళు ఆనాటి నుంచి ఒకరినొకరు తాకలేదు.

"ఆవిడ చెయ్యి ఉండగా నాకు ముద్ద దిగదు, నాన్నా. తీయించుకుని రా. నీ పక్కనే కూర్చుని తింటాను."

"తియ్యనంటేనో?"

"సాయంత్రం దాకా చూసి, బస్సెక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

అప్పలకొండ చెయ్యి కడుక్కుని పైడమ్మ ఊరికి బస్సెక్కుతాడు. కండక్టరు అతని భుజం వంక చూస్తాడు.

"దానికి టిక్కెట్టో?"

"ఒట్టి చెయ్యే బావూ. మనిషి లేదు."

"సీట్లో కూకోదు కదా. ఒగ్గేయ్, టిక్కెట్టక్కర్నేదు."

బస్సు దిగాక పైడమ్మ వీధి సాగుతూ పోతుంది. ఒక ఇల్లు దాటితే అవతల రెండిళ్ళు లేస్తున్నాయి. ప్రతి ఇంటి ముందూ మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరి చొక్కాలకూ ఎడమ భుజం దగ్గర గుడ్డ లేదు. అతను పైడమ్మ ఇల్లు అడిగితే ఒకరి తరవాత ఒకరు ముందుకే చూపిస్తారు. ఎండ వాలుతోంది. భుజం మీద వేళ్ళు బిగుసుకుంటున్నాయి. అతను వెనక్కి తిరిగి నడుస్తాడు. వెంటనే ఆమె గుమ్మం వస్తుంది.

పైడమ్మ అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో చింతపండు పిక్కలు తీస్తోంది. కుడి మణికట్టు కొస నున్నగా ఉంది. లేవకుండానే పక్కన చోటు చూపిస్తుంది.

"నువ్వు కాదంట కదా."

"కాదమ్మా."

"మరెవులంట?"

"అది సెప్పలేదు."

"అయితే నానెలా తీసీది? తీసేత్తే నా కొడుకుని ఎవులూ సంపనట్టే కదా. ఆడు ఊరికే సచ్చిపోనాడా?"

చెయ్యి అతని మెడ దాకా పాకుతుంది. బొటనవేలు గొంతు మీద నాడిని వెతుక్కుని అక్కడ ఆగుతుంది.

"నన్నే ఎందుకు పట్టుకున్నావమ్మా?"

"అందరూ నా మొకంలోకి సూసినారు. నువ్వొక్కడివే తల దించేసినావు. తప్పు సెయ్యనోడు తలెందుకు దించుతాడు?"

"బిడ్డ పోయిన తల్లి ఎదురైతే తల దించాల, మొకం సూడకూడదని మాయమ్మ సెప్పింది."

పైడమ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోతుంది.

"మాయమ్మా సెప్పింది," అంటుంది. "ఆ పొద్దు గేపకం రానేదు."

బొటనవేలు వదలదు.

"ఇప్పుడెత్తు బావూ. సూడనీ."

అతను తల ఎత్తుతాడు. ఆమె అతని ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, పోయిన వస్తువు కోసం గది వెతికినట్టు వెతుకుతుంది.

"ఈ మొకంలో ఎవులూ నేరు," అంటుంది.

ఎడమ చేత్తో ఒక్కొక్క వేలే విప్పి, కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని కొంగు కప్పుతుంది.

చెయ్యి ఉన్న చోట అతని చర్మం ముడత పడలేదు. తడిగా ఉంది. పాల వాసన వేస్తోంది. పోలీసులు వచ్చిన పొద్దున అతను పాలు తాగే హైమను ఆ భుజం మీదే జోకొడుతూ తిరుగుతున్నాడు. ఆనాటి పాప చెంప ఇంకా అక్కడే ఉంది. వెచ్చగా, నిద్రలో, పెదవి మూల పాల నురగతో ఊపిరి తీస్తోంది.

అమ్మమ్మ ఊరి బస్సు ఈ వీధి మీదుగానే పోవాలి. హారన్ వినిపిస్తుంది. అప్పలకొండ లేవబోతే పాప కదులుతుంది.

"కదలకు," పైడమ్మ గొంతు తగ్గిస్తుంది. "ఇప్పుడే కునుకు పట్టింది."

బస్సు అరుగు ముందు ఆగుతుంది. కిటికీ పక్కన హైమ కూర్చుని ఉంది. ముఖానికి ఒక వైపు చెంప లేదు. ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టుకుని, దాన్ని ఎక్కడ వదిలేసిందో గుర్తు చేసుకుంటున్నట్టు వీధిలోకి చూస్తోంది. చూపు ఇంకా అరుగు దాకా రాలేదు.

కండక్టరు రైటంటాడు. అతను పిలవడు. పిలిస్తే పాప లేస్తుంది.